అనుమానానికి ఇచ్చిన వెండి బిళ్ళ

మొన్న మా జయశీల్ వచ్చి వెళ్ళాడు. వాడు మా మావయ్య మనవడు. దేశ భద్రత గురించి ప్రభుత్వానికి సలహాలు చెప్పే పెద్ద ఉద్యోగం వాడికి ఇచ్చారని పేపర్లో ఫొటోతో సహా పడింది. వాడొస్తాడనగా ముందు వాడి మనుషులొచ్చారు. విజయనగరంలో నేనుంటున్న ఈ రెండు గదుల ఇంట్లో ఏం దాగుతుందని వాళ్ళ భయమో గాని, మంచం కింద చూశారు, బియ్యం డబ్బా మూత తీశారు, చివరికి ఆవకాయ జాడీలో గరిటె పెట్టి అడుగుదాకా కెలికారు. తడి గరిటె పెడితే బూజు పట్టి చస్తుందిరా నాయనా అని నెత్తీ నోరూ కొట్టుకున్నా విన్నవాడు లేడు. తరవాత వాడొచ్చాడు. వాడి కోసమని దులిపి వేసిన పడక్కుర్చీ వదిలేసి, మూలనున్న పీట లాక్కుని, వీపు గోడకి ఆనేలా, గుమ్మం కనబడేలా సర్దుకుని కూర్చున్నాడు. అచ్చం మావయ్యే.

జేబులోంచి చిన్న పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. అందులో నల్లబడిన వెండి బిళ్ళ ఉంది. "తాతయ్య మన్నెంలో ఒక పితూరీని, అదే తిరుగుబాటుని, పుట్టకముందే ఆపాడని నాన్న చెప్పేవారు పెద్దమ్మా. దానికే దొరలు ఇది ఇచ్చారట. పత్రికల వాళ్ళు ఆ కథ రాస్తామంటున్నారు. అప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళలో నువ్వొక్కదానివే మిగిలావు" అన్నాడు. నేను ఆ బిళ్ళని పమిట చెంగుతో తుడిచాను. తుడిచినకొద్దీ నాకు పేడ వాసన వచ్చింది. నవ్వుకుంటారేమో, నిజంగానే వచ్చింది.

మా అమ్మ పోయాక నన్ను అరకు కొండల్లోకి, అప్పటికింకా పిల్లలు లేని మావయ్య ఇంటికి పంపించారు. పైట వేసుకోవడం అప్పుడప్పుడే అలవాటవుతోంది నాకు. మావయ్య పేరు దానియేలు. మిషను బళ్ళో చదువుకుని, కొండమీద సర్కారు కచేరీలో గుమాస్తాగా చేరినవాడు. కొండవాళ్ళ మాటలు ఆయనకి వాళ్ళతో సమానంగా వచ్చు. ఆయన దశ తిరిగింది ఒక కట్టెల మోపు వల్ల. ఒకనాడు సంత దారిలో కొందరు మగవాళ్ళు కట్టెలు నెత్తిన పెట్టుకుని పోతుంటే, ఈ కొండల్లో కట్టెలు మోసేది ఆడవాళ్ళు కదా, వీళ్ళెందుకు మోస్తున్నారని ఆయనకి అనుమానం వచ్చింది. ఆ మాట కచేరీ దొర చెవిలో వేశాడు. మోపులు విప్పితే తుపాకులు బయటపడ్డాయి. అంతే, ఆనాటి నుంచి దొర మావయ్యని అడక్కుండా అడుగు తీసి అడుగు వెయ్యలేదు. ఏ ఊళ్ళో మజిలీ వెయ్యాలి, కొండ ఊళ్ళ పెత్తందార్లలో ఏ ముఠాదారుని నమ్మాలి, ఏ గెడ్డలో నీళ్ళు తాగాలి, అన్నిటికీ మావయ్య సలహాయే. కాగితాల మీద ఆయన వట్టి దుబాసీ. దొర మాత్రం ఊరందరి ముందూ నా సలహాదారు అని పిలిచేవాడు. ఆ ఒక్క అనుమానం నిజం కావడం ఆయన కొంప ముంచింది. తరవాత రోజుకొకటి నిజం కావాలి కదా మరి.

పితూరీ రోజులు దాటిపోయి, కాల్పులు ఆగి ఏడాది తిరిగినా మా ఇంట్లో మాత్రం అది నడుస్తూనే ఉండేది. మావయ్య మంచం ఒకచోట ఉండేది కాదు. నిన్న కిటికీ పక్కనుంటే ఇవాళ ధాన్యం గాదె వెనకకి పోయేది. చీకటి పడకముందే పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి వాకిట్లో పల్చగా చల్లేవాడు, తెల్లారితే ఎవరి అడుగులు పడ్డాయో చూడ్డానికి. పొద్దున్నే ఒంగుని ఆ బూడిదంతా పరీక్షగా చూసేవాడు. కోళ్ళు తిరిగిన గుర్తులు తప్ప ఏనాడూ ఏమీ లేవు. ఆ కోళ్ళు ఎవరివని కూడా అడిగాడొకసారి. ఊడ్చే పని నాది గనక ఆ బూడిదంటే నాకు మహా మంట. కుటుంబ ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుంటే ఆయన తెరిచే ఉంచేవాడు. నీకెలా తెలుసమ్మా అంటారు. నేనూ తెరిచి చూశాను గనకే తెలుసు. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను, ఇద్దరం ఆమెన్ అన్నాం.

ఇక తిండి. మా సుందరమ్మత్త ముందు ఒక ముద్ద తిని, ఒక గుటక తాగి చూపిస్తే తప్ప ఆయన ముట్టేవాడు కాదు. అంబలైనా అంతే, మన్నెం జ్వరానికి వేసుకునే చేదు కొయినా నీళ్ళయినా అంతే. అత్త ఒక్కనాడూ విసుక్కోలేదు. అడ్డాకు విస్తట్లో వడ్డించి, ఆయన కళ్ళలోకి చూస్తూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, విస్తరి ఆయన వైపు జరిపేది. ఎంగిలి విస్తట్లో మొగుడికి పెట్టే ఇల్లాలు లోకంలో నువ్వొక్కర్తివేనత్తా అని నేను ఏడిపించేదాన్ని. ఊరుకోయే గుంటా, ఆయన కడుపునిండా తింటే సాలు నాకు అనేది. ఇప్పటికీ వెదురు పొగ వాసన, ఉడికే పసుపు వాసన తగిలితే నాకు ఆ వంటిల్లూ అందులో నములుతున్న అత్తా కనబడతారు.

మా ఇంటికి నీళ్ళు తెచ్చే మనిషి గురుబారి. గెడ్డకి ఆవలి ఊరు. లక్ష్మివారం పుట్టినందుకు ఆ పేరు పెట్టారని చెప్పింది. ముక్కుకి ఇటూ అటూ నత్తులు, పక్కకి వేసిన కొప్పు, దగ్గరకొస్తే వలిసె నూనె వాసన. అత్తా ఆమే దాదాపు ఒక ఈడు వాళ్ళు. మధ్యాహ్నం పనయ్యాక పెరట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ కబుర్లాడుకునేవాళ్ళు. ఆ కొండ మీద అత్తకి మనిషంటూ ఉంటే గురుబారే. మావయ్య కంట్లో మాత్రం ఆమె ఒక నలుసు. నీళ్ళ కుండ దించగానే లోపలికి ఒంగి చూసేవాడు. నిన్న సంతలో ఎవరితో మాట్లాడావు, మీ ఊరికి కొత్తవాళ్ళెవరొచ్చారు, మీ ఆయన బుద్రు ఎక్కడున్నాడు అని రోజూ అడిగేవాడు. ఆమె నవ్వి కొప్పు సర్దుకునేది. ఆ నవ్వు కూడా అనుమానమే ఆయనకి.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. కొండల్లో అదే పెద్ద పండగ. విత్తనాలకి పూజ చేసుకుని మగవాళ్ళంతా విల్లంబులు, ఊరికొకటో రెండో ఉండే నాటు తుపాకులు పట్టుకుని వేటకి అడవికెక్కుతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురు గడ కట్టి, పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్ళ దగ్గర కానీ పరకా వసూలు చేస్తారు. మగవాళ్ళు జంతువుని కొట్టి తెస్తే ఎదురెళ్ళి ఆడుతూ పాడుతూ ఊళ్ళోకి తీసుకొస్తారు. ఉత్త చేతులతో వస్తే మాత్రం పేడనీళ్ళ కుండలతో ఊరి మొదట్లోనే కాసుకుని ఉంటారు. తలమీంచి కుమ్మరించి, పడీ పడీ నవ్వి, ఊళ్ళోకి రానివ్వకుండా తరుముతారు. పెళ్ళాం, వదిన, మరదలు అందరూ ఒకటే. ఆ పరాభవం ఏడాదిపాటు పాటల్లో నడుస్తుంది. అందుకని వేట దొరకని మగవాడు ఆకలితోనైనా అడవిలో ఉంటాడు గాని ఇంటి ముఖం చూడడు.

ఆ ఏడు వేట దొరకలేదు. ఎలా దొరుకుతుంది? పితూరీ నడిచినన్నాళ్ళూ సర్కారు పటాలం అడవులన్నీ గాలించి, పొదపొదకీ తుపాకీ పేల్చింది. కణుజులు, దుప్పులు, అడవి పందులు ఎప్పుడో ఎటో పారిపోయాయి. పండగ రోజులు గడిచిపోతున్నా గెడ్డ ఆవలి ఊళ్ళ మగవాళ్ళు తిరిగి రాలేదు. ఇప్పపూలు రాలి ఏరేవాళ్ళు లేక చెట్ల కిందే పులిసిపోతున్నాయి. ఆ వాసన మా ఇంటిదాకా వచ్చేది. మావయ్య ముక్కుకి అది ఇప్పపూల వాసనలా తగల్లేదు. ఊళ్ళల్లో మగపురుగు లేదు, ఆయుధాలన్నీ అడవిలో ఉన్నాయి, దారికి అడ్డంగా ఆడవాళ్ళు కాపలా కాస్తున్నారు. మీ మగవాళ్ళేరీ అని అడిగితే ఆ ఆడవాళ్ళు మొహం దాచుకుని నవ్వారట. ఆయన తిండి సగమైంది. వరండాలో పచార్లు చేస్తూ తనలో తాను మాట్లాడుకునేవాడు. పండగ సంగతి ఆయనకి తెలియక కాదు. పండగ ముసుగులో ఇంకేదో ఉందని ఆయన నమ్మకం. ఒకసారి కట్టెల మోపులో తుపాకీ చూసిన మనిషికి ఇక కట్టెలు కట్టెల్లా ఎందుకు కనిపిస్తాయి?

గురుబారి బుద్రు గురించి బెంగ పెట్టుకుంది. అడవిలో దుంపలు తవ్వుకు తింటున్నారని తెలిసి అత్తతో చెప్పుకుని ఏడ్చింది. అత్త మిగిలిన అన్నం, ఎండుచేప అడ్డాకులో చుట్టి ఇచ్చేది. ఉత్త చేతుల మొగుడికి దొంగచాటుగా తిండి పెట్టిన ఆడదాన్ని ఊరి ఆడవాళ్ళు బతకనివ్వరు. పేడనీళ్ళు ఆమె నెత్తినే పడతాయి. అందుకని గురుబారి ఆ పొట్లం బట్టలో దాచుకుని, చుట్టూ చూసుకుంటూ పోయేది. ఒకనాడు పొద్దున్న మావయ్య కంట పడనే పడింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ ఊరి మనిషి ఒకామె చింతపండు అమ్మడానికి వచ్చి పెరట్లో నిలబడి ఉంది. బట్ట కింద ఏటున్నాదని మావయ్య అడిగాడు. నా కడుపుకేనంది గురుబారి. రోజూ ఇక్కడే తినెల్తావు కదా, మూటెందుకన్నాడు. ఆమె చింతపండు మనిషి వైపు ఒకసారి చూసి, కోళ్ళకి బాబూ అంది. ఒక ప్రశ్నకి రెండు జవాబులు. బట్ట కింద ఎండుచేప కంపు. చేపలు తినే కోళ్ళన్నమాట. మావయ్య మొహంలోకి ఎన్నాళ్ళకో ఒక నిబ్బరం వచ్చింది. ఆ నిబ్బరం చూస్తే నాకు భయం వేసింది.

ఆమె వెళ్ళగానే అత్త ఉన్నది ఉన్నట్టు ఆయనకి చెప్పేసింది. అన్నం నేనే ఇచ్చాను, వాళ్ళు వేట దొరక్క సిగ్గుతో రాలేదు, అంతకుమించి ఏమీ లేదంది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు.

"నీకెవలు సెప్పినారు?"

"గురుబారి."

"మరి గురుబారిని అలగ సెప్పమన్నది ఎవలు?"

ఆ ప్రశ్నకి ఈ భూమ్మీద ఎవరు జవాబు చెప్పగలరు? ఆయన గొడుగు తీసుకుని దొర మకాం ఉన్న హుకుంపేట వైపు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు అత్తతో మెల్లగా, ఇంట్లోంచి ఎవరూ కదలకండి, రేపు తెల్లారేసరికి పటాలం అడవెక్కుతుంది అని చెప్పాడు. ఆ మాట ఒక్క భార్యకే చెప్పాడు. నేను తలుపు వెనక ఉన్న సంగతి ఆయనకి తెలీదు.

అత్త పొయ్యి ముందు కూర్చుని నిప్పులు బూడిదలో కప్పెట్టింది. పటాలం వాళ్ళు అడవిలో తుపాకీ పట్టుకున్న మగవాణ్ణి చూస్తే ముందు కాల్చి తరవాత అడుగుతారని ఆ కొండల్లో అందరికీ తెలుసు. బుద్రు చస్తాడు. వాడితోపాటు ఊరి మగవాళ్ళంతా చస్తారు. కారణం ఈ ఇంట్లోంచి వెళ్ళిన ఒక మాట, ఈ ఇంట్లోంచి వెళ్ళిన ఒక పొట్లం. అత్త లేచి, తల దువ్వుకుని, బైబిలు చంకన పెట్టుకుంది. "నడవ్వే గుంటా, జబ్బు మనిసికి ప్రార్థన సేసొద్దాం" అంది. వాకిట్లో బంట్రోతు అప్పన్న ఉన్నాడు. బైబిలు చూసి దణ్ణం పెట్టి తప్పుకున్నాడు. గెడ్డ దాటేదాకా వెనక్కి తిరిగి చూడకు అంది అత్త.

దారి మీద ఆడవాళ్ళు వెదురు గడ అడ్డం పెట్టి పాడుతున్నారు. అత్త కానీ ఇచ్చింది, గడ ఎత్తారు, అయినా దాటలేదు. గురుబారి అత్తగారు, పళ్ళూడిన ముసలామె, అక్కడే బండ మీద కూర్చుని ఉంది. ఆమె పక్కన కూర్చుని, తుపాకులు రేపు పొద్దున్నే ఎక్కుతాయి, మీ మగవాళ్ళని బేగి ఇంటికి తెచ్చేసుకోండని చెప్పింది. పాట ఆగిపోయింది. ఒకావిడ నవ్వబోయి మానేసింది. ముసలామె నోట్లో చుట్ట తీసి బండకేసి నలిపింది. ఆమె కొడుకు బుద్రు కూడా ఆ అడవిలోనే ఉన్నాడు.

"ఉత్త సేతుల్తో ఊర్లోకి రానిత్తే విత్తనం మొలవదమ్మా. ఆల్లూ రారు, మేం రానివ్వం" అంది చివరికి. ముసలామె లేచి, నడుం మీద చెయ్యేసుకుని అడవి వైపు చూసింది. "ఆల్లు ఊర్లోకి రాకపోతే ఏటి, మేమే అడివిలోకెల్తాం. పేడనీల్లు ఎక్కడ పోత్తే ఏటి?"

వేటకెళ్ళిన మగవాళ్ళ దగ్గరకి ఆడవాళ్ళు వెళ్ళడం ఆ కొండల్లో ఎన్నడూ లేదు. ఆ సాయంత్రం వాళ్ళు వెళ్ళారు, తెల్లారేదాకా అక్కడే ఉంటామని చెప్పి. కుండలు నెత్తిన పెట్టుకుని, గట్టిగా పాడుకుంటూ, వరసగా కొండెక్కారు. అందరికంటే ముందు గురుబారి.

మర్నాడు పొద్దున్న అత్త తోటకూర కోస్తూ చెవులు కొండ వైపే పడేసి ఉంది. కొండ మీంచి తుపాకీ చప్పుడు వినబడుతుందేమోనని నేను గుమ్మంలోనే కూర్చున్నాను. అత్త వేలు తెగింది. ఆ సంగతి నేను చెప్పేదాకా ఆమెకి తెలీదు. ఎండ ఎక్కేదాకా ఏ చప్పుడూ రాలేదు. తరవాత అప్పన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. నవ్వు ఆపుకోలేక వాడు చెప్పినదాన్ని బట్టి, పటాలం పైకెక్కేసరికి అరుపులు, కేకలు వినబడ్డాయట. అందరూ తుపాకులెత్తారట. చెట్లు దాటి చూస్తే విల్లంబులు, నాటు తుపాకులు ఒక చెట్టు కింద పోగేసి ఉన్నాయి. మగవాళ్ళు నెత్తిమీద చేతులు పెట్టుకుని పరుగెడుతున్నారు, ఆడవాళ్ళు తరిమి తరిమి పేడనీళ్ళు కుమ్మరిస్తున్నారు. దొర కాసేపు గుడ్లప్పగించి చూసి, కడుపు పట్టుకుని నవ్వుతూ నేల మీద కూలబడ్డాడట. అప్పుడు మావయ్య చెట్ల చాటు నుంచి బయటికి వచ్చాడు. అడవిలోంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాడు. ముసలామె కుండలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. మిగల్చలేదు.

మధ్యాహ్నానికి మావయ్య ఇల్లు చేరాడు. కోటు మీద పేడ ఎండి పొలుసులు కట్టింది. చచ్చినవాడు ఒక్కడూ లేడు, నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఆయన మాత్రం నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటూ మొదట అన్న మాట ఒకటే. "ఆడోల్లకి ముందే ఎవలు సెప్పినారు?"

అదే ఆయన బతుకంతా అయింది. గురుబారిని గడప తొక్కొద్దన్నాడు. ఆమె గెడ్డ ఆవలి నుంచి అత్త వైపు చూసి చెయ్యి ఊపేది, అత్త ఊపేది కాదు. ఊపితే ఆమెకే ముప్పని. ఆ పెరట్లో చింతపండు ఒక్కర్తే కూర్చుని పిక్కలు తీసుకునేది మా అత్త. దొర ఏం రాశాడో గాని, సలహాదారు ముందే పసిగట్టడం వల్ల పెద్ద గుంపు కాల్పుల్లేకుండా చెదిరిపోయిందని పైకి వెళ్ళింది. వెండి బిళ్ళ వచ్చింది. హోదా పెరిగింది. ఆ తరవాత ఆయన సలహా అడగని అధికారి ఆ జిల్లాలో లేడు. పేడ సంగతి ఏ కాగితమూ ఎక్కలేదు.

ఆయన అప్పన్నని అడిగాడు, దొర వంటవాణ్ణి అడిగాడు, సంతలో ఉప్పమ్మేవాణ్ణి అడిగాడు, నన్ను నిలబెట్టి ఎన్నిసార్లడిగాడో లెక్కలేదు. నేను తెలీదనే చెప్పాను. అత్తని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆ మాట ముందుగా విన్నది ఆమె ఒక్కతే కదా. అందరినీ అడిగినవాడు ఆ ఒక్క మనిషినీ ఎందుకు అడగలేదా అని ఇన్నేళ్ళొచ్చినా నాకు అనుమానమే. అడిగితే అత్త అబద్ధమాడదు. ఆపైన ఎవరు రుచి చూసిన అన్నం తినాలి ఆయన? పోయేముందు జ్వరంలో కూడా ఎవలు సెప్పినారని కలవరించాడు. అత్త గంజి ఒక గుటక తాగి, గిన్నె ఆయన పెదాలకి ఆనించింది. తాగాడు.

ఇప్పుడు అరకు రైలెక్కి వెళ్ళొస్తున్నారు జనం. కాఫీ తాగి, కొండవాళ్ళ ఆట చూసి, ఫొటోలు తీసుకుని వస్తారు. మంచిదే. అప్పట్లో పైవాళ్ళకి కొండవాళ్ళంటే భయం, ఇప్పుడు ముచ్చట. పక్కన కూర్చుని మాట వినే ఓపిక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా అత్తలాంటివాళ్ళు ఎక్కడో ఒకరు.

జయశీల్‌కి ఇదంతా చెప్పాను. బూడిద, బుద్రు, పొట్లం, పేడనీళ్ళు అన్నీ చెప్పాను, బైబిలు పట్టుకుని మేం గెడ్డ దాటిన సంగతి ఒక్కటి తప్ప. నవ్వుతాడనుకున్నాను. అంతమంది బతికారని సంతోషిస్తాడనుకున్నాను. వాడు నుదురు చిట్లించి, ముందుకు ఒంగాడు.

"అది సరే పెద్దమ్మా. ఆడవాళ్ళకి ముందే ఎవరు చెప్పారు?"

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. వేడన్నంలో ఆవకాయ కలిపి తెచ్చి వాడి ముందు పెట్టాను. వాడు చెయ్యి పెట్టలేదు. గుమ్మంలో నిలబడ్డ తన మనిషి వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. నేను వాడి కళ్ళలోకి చూస్తూ ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, కంచం వాడి వైపు జరిపాను.

అప్పుడు తిన్నాడు. కడుపునిండా తిన్నాడు.